కుంచె పట్టుకున్న చెయ్యి ఎవరిది?

పోయిన నెల పిల్లల బొమ్మల పోటీల గురించి నాలుగు మాటలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాటి గురించే. విదేశాల వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే పోటీలకు బొమ్మలు పంపాలనుకునే అమ్మానాన్నలు, డ్రాయింగ్ మాస్టార్లు, పిల్లలు కూడా రాశారు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈసారి శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్నాను.

మేడమ్ గారూ, మా పాపకి పదేళ్లు. బొమ్మలంటే ప్రాణం. ఫోన్‌లో ఒక ప్రకటన చూశాను, అంతర్జాతీయ పోటీ అట, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ మెడల్, సర్టిఫికెట్ ఇస్తారట. ఎంట్రీ ఫీజు 1,500 రూపాయలు. మెడల్ ఇంటికి రావాలంటే కొరియర్‌కి ఇంకో 600. పక్కింటి బాబుకి గోల్డ్ వచ్చిందని వాళ్లమ్మ స్టేటస్ పెట్టినప్పటి నుంచి మా పాప రోజూ అడుగుతోంది. మావారు డబ్బు దండగ అంటున్నారు. కట్టాలా వద్దా తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక అమ్మ, నంద్యాల

అమ్మా, ఈ పోటీకి కట్టకండి. మీవారి అనుమానంలో నిజం ఉంది. పాల్గొన్న అందరికీ మెడల్ ఉందంటే అక్కడ బొమ్మల్ని ఎవరూ చూడటం లేదని అర్థం, దాన్ని ఇంటికి పంపడానికి మళ్లీ డబ్బు అడుగుతున్నారంటే మీరు మెడల్ కొనుక్కుంటున్నట్టే. ఆ బాబు బొమ్మ నిజంగానే బాగుండొచ్చు, వాడిని ఏమీ అనకండి, పాప ముందు అసలు అనకండి.

ఫీజు ఉన్న ప్రతి పోటీ మోసం అని కూడా అనుకోవద్దు. చిన్న సంస్థలు వెబ్‌సైట్ ఖర్చులకీ, న్యాయనిర్ణేతలకీ కొంత తీసుకుంటాయి. కట్టే ముందు మాత్రం ఓ గంట కూర్చుని కొన్ని వెతకండి. నడిపేది ఎవరు, వాళ్లకి ఒక చిరునామా, పోటీ కాకుండా ఇంకో పని ఏదైనా ఉందా. న్యాయనిర్ణేతల పేర్లు చెప్పారా. అన్నింటికంటే ముఖ్యం, పోయిన ఏళ్లలో గెలిచిన బొమ్మలు చూడటానికి పెట్టారా. పెట్టి ఉంటే పాపని పక్కన కూర్చోబెట్టుకుని అవన్నీ చూడండి. ఒక్క పోటీ కూడా గెలవకపోయినా ఆ చూడటం వల్ల ఆమెకి చాలా వస్తుంది. బొమ్మలు ఎక్కడా లేకుండా కప్పులు, మెడల్స్ ఫొటోలు మాత్రమే ఉంటే ఆ పేజీ మూసేయండి.

మరి నమ్మదగినవి ఏవి అంటారా. మన దేశంలోనే ఒకటి ఉంది, కార్టూనిస్టు శంకర్ 1949లో ఢిల్లీలో మొదలుపెట్టిన పిల్లల పోటీ. మరుసటి ఏడాదికే బయటి దేశాల పిల్లలకీ తలుపులు తీశారు. ఆయనే 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ దాన్ని నడుపుతూ వచ్చింది, పదహారేళ్ల లోపు వాళ్లకి. కార్ల కంపెనీ టయోటా 2004 నుంచి 'కలల కారు' అంశంగా పెడుతున్న పోటీలో ముందు దేశం స్థాయి, తర్వాత ప్రపంచ స్థాయి ఉంటాయి. వయసు పదిహేను వరకు. లయన్స్ క్లబ్ వాళ్ల శాంతి పోస్టర్ పోటీ 1988 నుంచి జరుగుతోంది, అది నవంబరు 15 నాటికి 11, 12, 13 ఏళ్లున్న పిల్లలకి మాత్రమే, అదీ మీ ఊరి క్లబ్ ద్వారానే వెళ్లాలి. అందులో బొమ్మ ముందువైపు అక్షరం గానీ అంకె గానీ ఉండకూడదు. 'శాంతి' అని అందంగా రాసినా పక్కన పెట్టేస్తారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కూడా పిల్లల బొమ్మలతో క్యాలెండర్ వేసింది, నాలుగు నుంచి పన్నెండేళ్ల వాళ్లు ఏ దేశం నుంచైనా పంపగలిగేలా. 2019 క్యాలెండర్ ముఖచిత్రం వేసింది ఉత్తరప్రదేశ్ అమ్మాయే.

ఇందులో కొన్నిటికి బొమ్మ ఫొటో చాలు, కొన్నిటికి అసలు కాగితమే పోస్టులో వెళ్లాలి. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి నేను రాసింది పట్టుకుని కాకుండా ఆ ఏడాది ప్రకటన చదివి పంపండి. ఆ 1,500 రూపాయల్లో కొంతతో పాపకి మంచి వాటర్ కలర్ కాగితం, పన్నెండు రంగుల పెట్టె, రెండు గుండ్రటి కుంచెలు కొనివ్వండి. చాలా రోజులు వస్తాయి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. 28 మంది పిల్లల బొమ్మలు ఒక ఆన్‌లైన్ పోటీకి పంపాను. ఫొటోల నాణ్యత సరిపోలేదని అన్నీ వెనక్కి వచ్చాయి. స్కానర్ లేదు. ఉన్నది నా ఫోనే. పిల్లలకి ఏం చెప్పాలో తెలియడం లేదు.
— ఒక మాస్టారు, పార్వతీపురం దగ్గర

మాస్టారూ, మీ ఉత్తరం చదివి బాధేసింది. 28 మంది చేత వేయించి పంపడమే పెద్ద పని. పిల్లలతో ఉన్నది ఉన్నట్టే చెప్పండి, తప్పు బొమ్మది కాదు, ఫొటోది అని. ఇక ఆ ఫొటో సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆన్‌లైన్ పోటీలో న్యాయనిర్ణేత చూసేది ఆ ఫొటోనే, కాగితం ఆయన చేతికి ఎప్పటికీ రాదు.

మీ ఫోన్ చాలు. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో దాదాపు 4000 బై 3000 పిక్సెల్స్ ఉంటుంది. పోటీల వాళ్లు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, అని అడుగుతారు కదా, ఏ4 కాగితానికి అది 2480 బై 3508 అవుతుంది, అంటే మీ ఫొటో అంతకంటే పెద్దదే. చెడిపోయేది మధ్యలో. మీరు ఫొటోల్ని ఎవరికైనా వాట్సాప్‌లో పంపి అక్కడి నుంచి అప్‌లోడ్ చేయించారా? మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, పిల్లవాడు వేసిన సన్నటి గీతలు మసకబారిపోతాయి. పంపాల్సి వస్తే 'డాక్యుమెంట్' అని ఎంచుకుని పంపండి, లేదా మెయిల్‌కి జత చేయండి. ఐఫోన్ అయితే ఇంకో చిక్కు, అది హెచ్ఈఐసీ అనే రకంలో దాస్తుంది, చాలా పోటీలు జేపీజీ మాత్రమే తీసుకుంటాయి, సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి.

ఇప్పుడు తీసే పద్ధతి. కాగితం చుట్టుకుపోయి ఉంటే ముందు రోజు రాత్రి బరువైన పుస్తకాల కింద పెట్టండి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్యలో స్కూలు వరండాలో నీడ పట్టున తీయండి, ఎండ నేరుగా పడకూడదు, ట్యూబ్‌లైట్ కింద అసలొద్దు, తెల్లకాగితం పచ్చగా వస్తుంది. కెమెరా అద్దాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడవండి, మనం మర్చిపోయేది ఇదే. బొమ్మని నేల మీద పెట్టి పైనుంచి తీస్తే మన నీడ పడుతుంది, అందుకని గోడకి అతికించి, ఫోన్‌ని బొమ్మ మధ్యభాగానికి ఎదురుగా నిటారుగా పట్టుకోండి. ఫ్లాష్ వద్దు, జూమ్ వద్దు. నాలుగు మూలలూ కనిపించాలి, తర్వాత అంచుల దాకా కత్తిరించుకోవచ్చు. ఒక్కో బొమ్మకి మూడు ఫొటోలు తీసి, ఫోన్‌లో పెద్దది చేసి చూసి, గీత స్పష్టంగా ఉన్నదాన్ని ఉంచండి.

స్కానర్ యాప్‌లతో ఒక ప్రమాదం ఉంది. అవి అక్షరాల కాగితాల కోసం చేసినవి, కాగితాన్ని తెల్లగా చేయడానికి లేత రంగుల్ని చెరిపేస్తాయి. లేత నీలం ఆకాశం మొత్తం మాయమైపోయిన బొమ్మలు నేను చూశాను. పట్నంలో జిరాక్స్ షాపులో స్కాన్ చేయించగలిగితే మంచిదే, కానీ అక్కడి స్కానర్లు ఎక్కువగా ఏ4వి, పెద్ద షీటు పట్టదు. ఆయిల్ పాస్టల్ బొమ్మలైతే స్కానర్‌లో పెట్టొద్దు, రంగు అద్దానికి అంటుకుంటుంది.

ఇంకొక్కటి, ఒక మెయిల్ ఐడీకి ఒక్క ఎంట్రీ అనే నియమం కొన్నిచోట్ల ఉంటుంది, స్కూళ్లకి వేరే దారి కూడా ఇస్తారు, ముందే చూసుకోండి. అసలు కాగితాల వెనక పెన్సిల్‌తో పేరు, తరగతి, తేదీ రాయించి బీరువాలో దాచండి, గెలిస్తే అసలు బొమ్మ పంపమని అడిగేవాళ్లు ఉన్నారు. ఈ 28 బొమ్మలూ మళ్లీ తీయండి మాస్టారూ. వేరే పోటీ వస్తుంది.

ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడుగుతున్నారు. మా వాడికి ఇంటిపేరు ఒక్క అక్షరమే పెట్టాం, ఇనీషియల్. ఏం రాయాలి?
— ఒక నాన్న, భీమవరం

పాస్‌పోర్టు ఉంటే అందులో ఉన్నట్టు, లేకపోతే ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా రాయండి. లాస్ట్ నేమ్ గడిలో ఒక్క అక్షరం తీసుకోకపోతే ఇంటిపేరు పూర్తిగా రాయండి, అంతే తప్ప మీ పేరు పెట్టకండి, సర్టిఫికెట్ మీద బాబు పేరు బదులు నాన్న పేరు పడిన ఇళ్లు ఉన్నాయి. పుట్టినతేదీ దగ్గర కూడా జాగ్రత్త. అమెరికా ఫారాల్లో నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. 05/08 అని కొడితే ఆగస్టు ఐదు కాస్తా మే ఎనిమిది అయిపోతుంది, వయసు గ్రూపు మారిపోయే అవకాశం ఉంది.

మేడమ్, నేను తొమ్మిదో తరగతి. అనిమే (జపాన్ కార్టూన్) స్టైల్లో బాగా వేస్తాను, క్లాసులో అందరూ నాతో వేయించుకుంటారు. ఒక ఇంటర్నేషనల్ పోటీకి నా ఫేవరెట్ క్యారెక్టర్ బొమ్మ పంపిస్తే ఒరిజినల్ కాదని రిజెక్ట్ చేశారు. చూసి వేశాను కానీ ట్రేస్ చేయలేదు, మూడు రోజులు పట్టింది. నా ఫ్రెండ్ ఏఐతో ఒక నిమిషంలో చేసి పంపాడు, వాడిది తీసుకున్నారు. ఇదేం న్యాయం?
— ఒక విద్యార్థి, సిద్దిపేట

నాన్నా, నీ కోపం నాకు అర్థమైంది. మూడు రోజులు కూర్చుని వేసినదాన్ని కాదంటే ఎవరికైనా మండుతుంది. కానీ వాళ్లు కాదన్నది నీ చేతి పనిని కాదు. ఆ పాత్రని ఊహించి, జుట్టు ఎలా ఉండాలో, కళ్లు ఎంత ఉండాలో నిర్ణయించింది జపాన్‌లో ఇంకొకరు, దాని మీద హక్కు వాళ్లది. నేర్చుకోవడానికి ఎన్నిసార్లైనా వేసుకో, పెద్ద పెద్ద చిత్రకారులు కూడా అలాగే నేర్చుకున్నారు. పోటీకి పంపేటప్పుడు మాత్రం మనిషీ, కథా నీవే కావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో చూసి వేయడం కూడా అంతే, ఆ ఫొటో తీసినవాళ్లు ఒకరున్నారు. మీ తాతని కూర్చోబెట్టి చూసి వేయి, లేదా నువ్వే ఫొటో తీసి వేయి.

నీ ఫ్రెండ్ సంగతి. ఎంట్రీ తీసుకున్నారంటే ఇంకా గెలిచాడని కాదు. ఏఐ వాడొద్దని రాసుకునే పోటీలు గెలిచినవాళ్లని పనిలో తీసిన ఫొటోలు, చిత్తు గీతలు, డిజిటల్ అయితే లేయర్లతో, అంటే విడివిడి పొరలతో ఉన్న అసలు ఫైలు చూపించమని అడగొచ్చు. అప్పుడు వాడి దగ్గర ఏమీ ఉండదు. నువ్వు మాత్రం ఇప్పటి నుంచి ప్రతి బొమ్మకీ మూడు నాలుగు దశల్లో ఫొటో తీసి పెట్టుకో. పెన్సిల్ గీతలు ఒకటి, రంగు సగంలో ఒకటి. రుజువుకే కాదు, ఎక్కడ బాగుంది, ఎక్కడ పాడైందన్నది నెల తర్వాత చూసుకుంటే నీకే తెలుస్తుంది.

ఇంకో మాట చెప్పాలి, నువ్వు సిద్దిపేట అన్నావు కాబట్టి. చేర్యాల మీ జిల్లాలోనే ఉంది, ఎప్పుడైనా వెళ్లావా? అక్కడి నకాషీ చిత్రకారులు వేసే పటాలు మీటర్ల కొద్దీ పొడుగు ఉండేవి, ఎర్రటి నేపథ్యం మీద ఒక్కో దృశ్యం ఒక్కో అడ్డపట్టీలో, పైనుంచి కిందికి కథ నడుస్తూ పోతుంది. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరుగుతూ ఆ పటం విప్పి, బొమ్మ చూపిస్తూ కులపురాణాలు పాడేవాళ్లు. నువ్వు ఇష్టపడే జపాన్ కామిక్స్‌లో గడులు గడులుగా కథ ఎలా నడుస్తుందో, అదే పని మీ జిల్లాలో తరాలుగా జరుగుతోంది. వాటిని ఉన్నదున్నట్టు దించమని చెప్పడం లేదు. ఒక ఆదివారం వెళ్లి, వాళ్లు పనిచేస్తుంటే చూడు. కళ్లు ఎలా వేస్తారు, చేతులు ఎలా తిప్పుతారు, ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి మనిషి ఎలా వెళ్తాడు, ఇవి చూడు. తర్వాత నీ స్కూలు బస్సు కథో, మీ వీధి క్రికెట్ కథో నీ అనిమే గీతలోనే పట్టీలుగా వేయి. దాన్ని ఒరిజినల్ కాదని ఎవరూ అనలేరు. వేశాక నాకూ ఒక ఫొటో పంపు, చూడాలని ఉంది.

మా బాబుకి ఏడేళ్లు. 'నా కుటుంబం' అనే పోటీకి బొమ్మ వేశాడు. బాగానే ఉంది కానీ మనుషుల చేతులు, కాళ్లు సరిగ్గా రాలేదు, సూర్యుడు మూలలో ఇరుక్కున్నాడు. నేను కాలేజీ రోజుల్లో బొమ్మలు వేసేవాణ్ణి, కొంచెం దిద్దాను. ముఖాలకి షేడింగ్ ఇచ్చాను. ఇంకా పంపలేదు. ఎవరికీ తెలియదు కదా, పంపొచ్చా?
— ఒక నాన్న, గాజువాక

పంపకండి. నిజం రాసి అడిగారు కాబట్టి నేనూ సూటిగా చెబుతున్నాను. తెలుస్తుంది. జిల్లా స్థాయి పోటీల్లో చాలాసార్లు బొమ్మలు ఎంచాను, ఒక్కో రోజు నాలుగైదు వందలు చూసేదాన్ని. ఏడేళ్ల వాడి గీతలో ఒక బిగువు ఉంటుంది, పెన్సిల్ గట్టిగా ఒత్తి, ఆగకుండా, దిద్దకుండా వేస్తాడు. ఆ గీత పక్కనే పెద్దవాళ్లు మెత్తగా నలిపిన షేడింగ్ వస్తే నీళ్ల మీద నూనెలా తేలిపోతుంది. నేలకి ఒక గీత, పైన నీలం పట్టీ, మూలలో సూర్యుడు, ఇల్లు గోడ తీసేసినట్టు లోపలి మంచం, ఫ్యాను కూడా కనిపించడం, ఇవన్నీ ఆ వయసులో ఉండాల్సినవే. ఏ దేశంలోనైనా పిల్లలు ఆ వయసులో ఇంచుమించు ఇలాగే వేస్తారు. అందుకే వయసును బట్టి గ్రూపులు పెడతారు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండో తరగతి పాప ఒకామె వాళ్ల నాయనమ్మ బొమ్మ వేసింది. నాయనమ్మ గడప మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మనిషి కంటే చేతులు పెద్దవిగా వేసింది, ఒక్కో వేలు అరటికాయంత ఉంది. పోటీకి వెళ్లాలి కదా అని నేను రబ్బరు తీసుకుని చేతులు చెరిపేసి, కొలత ప్రకారం చిన్నవి వేసిచ్చాను, నా మటుకు సాయం చేశాననే అనుకున్నాను. ఆ పాప బొమ్మ వైపు కాసేపు చూసి, "ఇది మా నాయనమ్మ కాదు టీచర్" అంది. కాగితం నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆ పిల్ల రోజంతా చూసేది ఆ చేతుల్నే. బీడీ ఆకు కత్తిరించి, తంబాకు పెట్టి, దారం చుట్టే చేతులు. అందుకే అంత పెద్దగా వేసింది. నేను చెరిపింది దాన్నే. ఇన్నేళ్లయినా నాకు ఆ కాగితం కళ్ల ముందు ఉంటుంది. ఆ తర్వాత ఏ పిల్లల కాగితం మీదా నా పెన్సిల్ పెట్టలేదు.

చెక్ దేశంలో లిడిత్సే అనే ఊరు ఉంది. 1942 జూన్ 10న నాజీలు ఆ ఊరిని నేలమట్టం చేశారు, మగవాళ్లని కాల్చేశారు, 82 మంది పిల్లల్ని తర్వాత విషవాయువుతో చంపేశారు. ఆ పిల్లల జ్ఞాపకంగా 1967లో అక్కడ పిల్లల చిత్రకళా ప్రదర్శన మొదలైంది, 1973 నుంచి అన్ని దేశాల పిల్లలకీ, నాలుగు నుంచి పదహారేళ్ల వాళ్లకి. మన దేశం పిల్లలు ఎందరో అక్కడ బహుమతులు తెచ్చుకున్నారు. మీరు పంపేది అక్కడికి కాకపోవచ్చు, కానీ చంపేసిన పిల్లల పేరు మీద పెట్టిన అలాంటి చోటికి నాన్న దిద్దిన బొమ్మ పంపడానికి మీకు మనసు ఒప్పుకుంటుందా? ఏ పోటీకి పంపేటప్పుడైనా నేను ఈ ప్రదర్శనను తలుచుకుంటాను.

దిద్దిన బొమ్మ మీరే ఉంచుకోండి, బాబుకి ఇంకో కాగితం ఇవ్వండి. సారీ చెప్పండి, "నీ బొమ్మలో నేను వేలు పెట్టకూడదురా, మళ్లీ వేస్తావా" అని. మీరు చేయగలిగిన సాయం చాలా ఉంది. కాగితం కొలతకి కత్తిరించండి, నీళ్లు మార్చండి, వేస్తున్నప్పుడు "ఇక్కడ అమ్మ ఏం చేస్తోంది? అప్పుడు వాన పడుతోందా?" అని అడగండి. అడిగితే వాడికే గుర్తొచ్చి ఇంకా వేస్తాడు. ఫారం నింపడం, ఫొటో తీయడం మీ పనే. ఫారంలో 'ఇది పూర్తిగా పిల్లవాడు వేసినదే' అని టిక్ పెట్టే గడి ఉంటుంది, అప్పుడు హాయిగా పెట్టొచ్చు.

మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయికి పదిహేను వస్తాయి, ఇక్కడే పుట్టింది, ఐప్యాడ్ మీద వేస్తుంది. 'ఇల్లు' అనే అంశం మీద ఒక అంతర్జాతీయ పోటీ ఉంది. గుడివాడలో మా అమ్మగారిల్లు, సంక్రాంతి ముగ్గులు వేస్తే ప్రత్యేకంగా ఉంటుందని నేనంటాను. తను మా గ్యారేజీ ముందు బాస్కెట్‌బాల్ స్టాండు వేస్తానంటోంది. దేశం దగ్గర ఇండియా రాయాలా, అమెరికా రాయాలా?
— ఒక అమ్మ, అమెరికా

దేశం మాట ముందు. ఎక్కువ పోటీలు పిల్ల ఎక్కడ నివసిస్తోందో, ఎక్కడ చదువుతోందో అడుగుతాయి, అలా అయితే అమెరికా. పౌరసత్వం అని విడిగా అడిగితే అది వేరే. పుట్టినతేదీతో కూడా లెక్క వేసుకోండి, పదిహేను దగ్గర గీత గీసే పోటీలు చాలా ఉన్నాయి, ఏ తేదీ నాటికి అన్నది ముఖ్యం. అక్కడే ఉన్నారు కాబట్టి 1923 నుంచి జరుగుతున్న స్కొలాస్టిక్ అవార్డులు కూడా చూడండి. ఏడు నుంచి పన్నెండు తరగతుల వాళ్లకి, అమెరికా, కెనడాల్లో చదివేవాళ్లకి. అది అంతర్జాతీయం కాకపోయినా ఆ వయసు పిల్లలకి అంతకంటే గట్టి పోటీ కోసం దూరం వెళ్లనక్కర్లేదు.

ఇక బొమ్మ. బాస్కెట్‌బాల్ స్టాండే వేయనివ్వండి. గుడివాడ ఇల్లు మీ ఇల్లు, మీ బాల్యం అక్కడ ఉంది, మీకు ఆ గడప ఎంత అరిగిందో తెలుసు. తను రెండు వేసవులు చూసి ఉంటుంది. మీరు చెప్పి వేయిస్తే క్యాలెండర్ బొమ్మలో ఉండే ముగ్గూ, గొబ్బెమ్మా వస్తాయి, అలాంటివి ఎంచేవాళ్ల ముందు గుట్టలుగా ఉంటాయి. ఆ గ్యారేజీ ముందు సాయంత్రం వెలుతురు ఎలా పడుతుందో, బంతి తగిలి తలుపు ఎక్కడ సొట్టపడిందో ఆమెకి తెలుసు. ఒకవేళ గుడివాడ నుంచి తనకే ఏదైనా గుర్తుండి, మామిడికాయ తొక్కు జాడీయో, కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకోవడమో, తనంతట తాను వేస్తానంటే అది అపురూపం. అడగండి, చెప్పకండి.

డిజిటల్ బొమ్మలు తీసుకుంటారో లేదో నియమాల్లో చూసుకోండి, అన్నిచోట్లా తీసుకోరు. కాన్వాస్ కొలత మొదట్లోనే పెద్దది పెట్టుకోవాలి, చిన్నదిగా వేసి చివర్లో పెంచితే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. లేయర్లు కలిపేయకుండా అసలు ఫైలు ఉంచుకోమనండి. బొమ్మ గురించి నాలుగు వాక్యాలు అడిగితే తనే రాయాలి, మీరూ కాదు, ఏఐ కూడా కాదు.

పోటీ గడువు 15వ తేదీ రాత్రి 11:59, ఈఎస్‌టీ అని ఉంది. మనకి ఎప్పటికి? ఇంకో సందేహం, నియమాల్లో బొమ్మ హక్కుల గురించి పేజీన్నర ఉంది, ఏమీ అర్థం కాలేదు. ఈ సర్టిఫికెట్లు కాలేజీ సీటుకి పనికొస్తాయా?
— ఒక నాన్న, కూకట్‌పల్లి

ఈఎస్‌టీ అంటే అమెరికా తూర్పు తీరం శీతాకాలపు టైము, మనకంటే పదిన్నర గంటలు వెనక. మనకి 16వ తేదీ పొద్దున 10:29. అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు, అప్పుడు 9:29. అంత టైము ఉంది కదా అని ఆగకండి, చివరి రోజు అప్‌లోడ్ ఆగిపోయి ఏడ్చిన పిల్లల్ని చూశాను, రెండు రోజుల ముందే పంపేయండి. ఫీజు ఉన్నదైతే మీ కార్డులో విదేశీ చెల్లింపులు ఆన్ అయి ఉన్నాయో లేదో బ్యాంకు యాప్‌లో ముందే చూసుకోండి.

హక్కులు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్లే దాని మొదటి హక్కుదారు, పిల్లలైనా సరే. పోటీవాళ్లు వెబ్‌సైట్‌లో, క్యాలెండర్‌లో వేసుకోవడానికి అనుమతి అడగడం మామూలే, ఇంగ్లిష్‌లో 'లైసెన్స్', 'నాన్ ఎక్స్‌క్లూజివ్' అని ఉంటే బొమ్మ మీ వాడిదే, వాళ్లూ వాడుకుంటారు. 'అసైన్', 'ట్రాన్స్‌ఫర్ ఆల్ రైట్స్' అని ఉంటే బొమ్మ పూర్తిగా వాళ్లకి రాసిచ్చేస్తున్నట్టు. గెలవని బొమ్మలకి కూడా ఆ మాట వర్తిస్తుందా చూడండి, వర్తిస్తే నేనైతే పంపను. పిల్లల స్కూలు, ఫోన్ నంబరు, ఫొటో అన్నీ అడుగుతూ ఎందుకో చెప్పని ఫారాల్ని కూడా వదిలేయండి. పదమూడేళ్ల లోపు పిల్లలకి అమ్మానాన్నల మెయిల్ అడగడం మాత్రం మంచి గుర్తే, అమెరికా చట్టం వాళ్ల అనుమతి తీసుకోమంటుంది.

సీటు సంగతి, ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ సీటుకైనా, డిజైన్ సీటుకైనా చాలాచోట్ల ప్రవేశ పరీక్ష రాయాల్సిందే, అక్కడ కూర్చుని బొమ్మ వేయాల్సిందే. సర్టిఫికెట్ల ఫైలు కంటే ఏడేళ్లుగా దాచుకున్న స్కెచ్ పుస్తకాలు అప్పుడు ఎక్కువ అక్కరకొస్తాయి.

అమ్మా, నేను డెబ్భై దాటినదాన్ని. మా మనవరాలికి పన్నెండేళ్లు. మూడు పోటీలకి పంపింది, ఒక్కదాంట్లోనూ పేరు రాలేదు. రెండు నెలలుగా రంగుల పెట్టె ముట్టుకోవడం లేదు. అడిగితే "నాకు రాదు నాయనమ్మా" అంటుంది. ఇదివరకు నా చీరల అంచులు కూడా చూసి వేసుకునేది. నాకు కంప్యూటర్లు తెలియవు, నేనేం చేయగలను?
— ఒక నాయనమ్మ, తెనాలి

పెద్దమ్మ గారూ, ఇంటిల్లిపాదిలో ఈ పని మీకే బాగా చేతనవుతుంది. పోటీ మాట కొన్నాళ్లు ఎవరూ ఎత్తొద్దని ఇంట్లో చెప్పండి. "ఇంకోసారి పంపు, వస్తుందిలే" అన్నా అది పోటీ మాటే. పన్నెండేళ్లకి పిల్లలకి తమ బొమ్మ తమకే నచ్చకపోవడం మొదలవుతుంది, కళ్లకి తెలిసినంత చేతికి రాదు అప్పుడు. చాలామంది అక్కడే మానేస్తారు, పోటీకి పంపనివాళ్లు కూడా. మీ మనవరాలికి ఆ వయసూ, ఈ మూడు ఫలితాలూ కలిసి వచ్చాయి. వేల బొమ్మల్లోంచి కొన్నే తీస్తారని ఆమెకి లెక్క తెలుసు, అయినా బాధ బాధే, దాన్ని కాదనకండి.

ఆమెని వేయమని అడగొద్దు. మీరు వేయండి. మీ కాలం ముగ్గుల పుస్తకం ఇంకా ఉందా? లేకపోతే ఒక కొత్త నోటుపుస్తకం తెప్పించుకుని, మధ్యాహ్నం ఆమె స్కూలు నుంచి వచ్చే వేళకి వసారాలో కూర్చుని, మీకు గుర్తున్న మెలికల ముగ్గు చుక్కలు పెట్టి మొదలుపెట్టండి. పదిహేను చుక్కలు, మధ్య చుక్క ఎనిమిది వచ్చేదాకా. మెలిక తిప్పేచోట ఎక్కడో ఒకచోట మీకు తప్పుతుంది, వయసు కదా. అప్పుడు పెన్సిల్ ఆమె చేతికిచ్చి, "ఇది ఎటు తిరగాలే, నాకు కనబడటం లేదు" అని అడగండి.